తెగిన వేలికి కుట్టు ఎవరు వెయ్యాలి?

కోనసీమలో బొండాం కొడుతూ వేలు తెగినా, ఆకివీడు వైపు చెరువు పట్టుబడిలో జెల్ల ముల్లు గుచ్చుకున్నా జనం ముందుగా వెళ్లేది డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఊరి ఆర్‌ఎంపీ దగ్గరికే. బీఎస్సీ నర్సింగ్ చదివిన ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్, అంటే నర్సుకూ డాక్టరుకూ మధ్య స్థాయి మనిషి) కూర్చునే ప్రభుత్వ క్లినిక్ పక్క వీధిలో ఉన్నా సరే. రాత్రి తొమ్మిదింటికి తలుపు తీసేది ఆయనే కావడం ఇందుకు సగం కారణం. మిగతా సగం పాతది. చిన్న గాయాన్ని, చిన్న జబ్బును చూసే మనిషికి ఏం నేర్పాలి, ఎంతవరకు చెయ్యనివ్వాలి అన్నది స్వాతంత్ర్యం ముందు నుంచీ తేలలేదు.

మద్రాసు ప్రెసిడెన్సీలో డాక్టర్లు రెండు రకాలు. డిగ్రీ చదివినవాళ్లు కొద్దిమంది. రాయపురంలాంటి మెడికల్ స్కూళ్లలో చదివి వచ్చిన ఎల్‌ఎంపీలు, అంటే డిగ్రీ కాక లైసెన్సు చదువు చదివినవాళ్లు, ఎక్కువమంది. పల్లెలకు దగ్గరగా ఉన్నది ఈ రెండో రకమే. 1946లో దేశ వైద్య వ్యవస్థ మీద ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ దేశానికంతా ఒకే రకం డాక్టరు ఉండాలని చెప్పింది. కమిటీలోనే కొందరు ఒప్పుకోలేదు, అయినా ఆ మాటే నెగ్గింది. ఎల్‌ఎంపీల లైసెన్షియేట్ చదువు ఆగిపోయింది. 1958లో కాకినాడలో రంగరాయ మెడికల్ కాలేజీ వచ్చింది. అందులోంచి వచ్చిన డాక్టర్లు పంటు మీద గోదావరి దాటి లంక ఊళ్లకు వెళ్లి కాపురం పెడతారని ఎవరూ అనుకోలేదు, వాళ్లూ పెట్టలేదు.

ఆ ఖాళీలోకి కాంపౌండరు వచ్చాడు. భీమవరంలోనో అమలాపురంలోనో ఒక డాక్టరు దగ్గర కొన్నేళ్లు చేసి, సూది వెయ్యడం, సెలైన్ ఎక్కించడం, కట్టు కట్టడం నేర్చుకుని సొంత ఊరు చేరి ఆర్‌ఎంపీ అయ్యాడు. ఈ చదువులో లోపం చేతిపనిలో కాదు. ఏ మందు ఎప్పుడు వెయ్యకూడదో ఎవరూ నేర్పకపోవడంలో ఉంది. జ్వరంతో వచ్చినవాడికి డైక్లోఫెనాక్, డెక్సామెథాసోన్, పైన ఒక యాంటీబయాటిక్ కలిపి వేస్తే సాయంత్రానికి లేచి కూర్చుంటాడు, పేరూ వస్తుంది. అదే డెంగీ అయితే డైక్లోఫెనాక్ రక్తస్రావం ముప్పు పెంచుతుంది, కండకు వేసిన సూది దగ్గరే రక్తం గడ్డకట్టి వాస్తుంది. పిరుదు మీద చోటు తప్పి సూది వేస్తే సయాటిక్ నరం దెబ్బతిని పాదం పైకి లేవక వేలాడిపోతుంది.

ప్రభుత్వం వైపు నుంచి 1973లో కర్తార్ సింగ్ కమిటీ అన్ని పనులూ చేసే ఆరోగ్య కార్యకర్తలను సూచించింది. ఏఎన్ఎం ఆ పాత్రలోకి వచ్చింది కానీ ఆమె రోజంతా కుటుంబ నియంత్రణ టార్గెట్లకూ టీకాలకూ సరిపోయింది. 2005లో ఆశా వచ్చింది, ఆమె పని గాయం కుట్టడం కాదు. అదే ఏడాది ఆగస్టు 15న మొదలైన 108 పెద్ద ప్రమాదాల సంగతి మార్చింది. తెగిన వేలు మాత్రం ఆర్‌ఎంపీదిగానే మిగిలింది.

రాజశేఖర రెడ్డి ప్రభుత్వ కాలంలో ఆ ఆర్‌ఎంపీలకే శిక్షణ ఇచ్చి కమ్యూనిటీ పారామెడిక్‌లుగా గుర్తించాలని చూశారు. డాక్టర్ల సంఘాలు దొంగ వైద్యానికి ముద్ర వేస్తున్నారన్నాయి. పని మధ్యలో ఆగింది. శిక్షణ ఇస్తే ఫలితం ఉంటుందా అన్నదానికి పశ్చిమ బెంగాల్ బీర్‌భూమ్‌లో జవాబు దొరికింది. అక్కడ 304 మంది మీద చేసిన పరిశోధన 2016లో అచ్చయింది. తొమ్మిది నెలల శిక్షణ తర్వాత జబ్బును సరిగ్గా చూడటం మెరుగైంది, అక్కర్లేని యాంటీబయాటిక్‌లు మాత్రం తగ్గలేదు. మందు అమ్మకం మీద బతికేవాడికి తరగతి గదిలో ఎంత చెప్పినా అంతే.

రెండో దారి కొత్త మనిషిని తయారుచెయ్యడం. అస్సాం 2004లో చట్టం చేసి పల్లె వైద్యానికి మూడేళ్ల డిప్లొమా పెట్టింది. 2014లో గౌహతి హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది, 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. ఈలోగా 2018లో ఆయుష్మాన్ భారత్ కింద నర్సులకు ఆరు నెలల కమ్యూనిటీ హెల్త్ సర్టిఫికెట్ ఇచ్చి ఉపకేంద్రాల్లో పెట్టడం మొదలైంది. మన రాష్ట్రంలో ఎంఎల్‌హెచ్‌పీలు ఆ వరసలో వచ్చినవాళ్లే. 2019 నాటి జాతీయ మెడికల్ కమిషన్ చట్టంలోని 32వ సెక్షన్ ఇలాంటివాళ్లకు పరిమిత లైసెన్సుకు వీలు కల్పించింది. డాక్టరు లేకుండా వాళ్లు సొంతంగా రాయదగ్గది ప్రాథమిక, నివారణ వైద్యంలో కొన్ని మందులే.

ఇంత చరిత్రలోనూ వెనకబడింది చేతి శిక్షణ. కాఫీపొడి అద్దుకుని వచ్చిన తెగిన వేలినే తీసుకోండి. మత్తు ఇవ్వకముందే వేలు మడవమని, చాపమని చెప్పి చూడాలి, కొసన స్పర్శ ఉందో లేదో చూడాలి. మత్తు ఎక్కాక నరం తెగిందో లేదో తెలీదు. వేలిని వంచే స్నాయువు (టెండన్) తెగితే పైన ఎంత అందంగా కుట్టినా వేలు వంగదు, అది ఆపరేషన్ కేసు. తర్వాత కడగడం. 20 మి.లీ. సిరంజితో ధారగా, కనీసం 200 మి.లీ. సెలైన్. హైడ్రోజన్ పెరాక్సైడ్ గాయంలో పొయ్యడం మానాలి, అది బతికున్న కండనూ చంపుతుంది. గాయం దగ్గర వేసే మత్తుమందు లిగ్నోకైన్ కిలో బరువుకు 3 మి.గ్రా. దాటకూడదు. 2 శాతం సీసాలో మిల్లీలీటరుకు 20 మి.గ్రా. ఉంటుంది కాబట్టి 50 కిలోల మనిషికి హద్దు ఏడున్నర మి.లీ. వేలికి రెండు మూడు చాలు.

చెరువు నీళ్లలో తగిలిన గాయం వేరు. దాన్ని వెంటనే బిగించి కుట్టేస్తే లోపల చీము పడుతుంది. కడిగి, తెరిచి ఉంచి, మూడు నాలుగు రోజుల తర్వాత శుభ్రంగా ఉంటేనే కుట్టాలి. జెల్ల ముల్లు నొప్పికి 40 నుంచి 45 డిగ్రీల వేడినీళ్లలో అరగంట నుంచి గంటన్నర ముంచి ఉంచడం బాగా పనిచేస్తుంది. నీటి వేడి రోగి మంచి చేత్తో చూడాలి, నొప్పి ఉన్న చెయ్యి కాలుతున్నా తెలీదు. ముల్లు ముక్క లోపల విరిగిందేమో చూసుకోవాలి. కొన్ని గంటల్లోనే ఎర్రదనం పాకి, బొబ్బలు లేస్తే, ముఖ్యంగా షుగరు, లివరు జబ్బు ఉన్నవాళ్లలో, క్షణం ఆగకుండా కాకినాడో ఏలూరో పంపాలి. కుక్కకాటు ఇంకో దారి: సబ్బుతో 15 నిమిషాలు ధార కింద కడగడం, టీకా, పన్ను చర్మంలోకి దిగితే రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్ కూడా. కుట్లు సాధారణంగా వెయ్యకూడదు.

ఇవి పాఠంగా చెబితే రావు. క్యాజువాలిటీలో డాక్టరు పక్కన నిలబడి చేస్తేనే వస్తాయి. ఎంఎల్‌హెచ్‌పీకి ఇచ్చే ఆరు నెలల శిక్షణలో ఎక్కువ భాగం బీపీ, షుగరు, గర్భిణుల లెక్కలు, ఆన్‌లైన్ నమోదులు మింగేస్తే ఆ అమ్మాయి చేతికి కుట్లు వేసే నీడిల్ హోల్డరు ఎన్నిసార్లు తగులుతుంది? దూరం నుంచే డాక్టరుకు చూపించే ఈ-సంజీవని మన రాష్ట్రంలోనే 2019 నవంబరులో మొదలైంది. ఫోన్లో డాక్టరు గాయాన్ని చూడగలడు, వేలు మడిచి చూడలేడు. ఫ్యామిలీ డాక్టరు నెలకు రెండుసార్లు ఊరికి వచ్చేలా ఏర్పాటు చేశారు, ముఖం మీద కుట్లు ఐదో రోజుకే విప్పాలి. అందుకే క్లినిక్ నుంచి పెద్దాసుపత్రికి పంపిన గాయానికి కుట్లు విప్పేది మళ్లీ ఆర్‌ఎంపీయే. తాను పంపింది సరైన కేసేనా, ఆ వేలు వంగిందా లేదా అన్నది పంపిన అమ్మాయికి తెలిసే వీలు లేదు.