చెల్లాచెదురు పేజీలు, ఒక్క జాబితా

చిరంజీవులైన పిల్లలకు, తాతయ్య ఆశీస్సులు.

డిస్క్‌లోని ఫైల్ మెమరీలోకి ఎలా వస్తుంది, ప్రాసెసరే ఒక్కో బైటూ మోసుకొస్తుందా అని అడిగారు కదా. ఫోన్‌లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

ప్రాసెసర్ మోయదు. ఫలానా చోట పెట్టమని డిస్క్ కంట్రోలర్‌కి చెప్పి తన పని చూసుకుంటుంది. కంట్రోలరే నేరుగా మెమరీలో రాసి, అయ్యాక ఇంటరప్ట్ అనే సంకేతం పంపుతుంది. ఇదే డీఎంఏ (డైరెక్ట్ మెమరీ యాక్సెస్). చిక్కంతా ఆ ఫలానా చోటు చెప్పడంలోనే ఉంది.

మీ ప్రోగ్రామ్ డేటా పెట్టుకోడానికి మెమరీలో 10,000 బైట్ల చోటు, అంటే బఫర్, తీసుకుందనుకోండి. దానికి అదంతా ఒకే ముక్కలా కనిపిస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ మాత్రం ర్యామ్‌ని సాధారణంగా 4,096 బైట్ల పేజీలుగా పంచుతుంది, అవి పక్కపక్కనే ఉండాలని లేదు. మొదటి పేజీలో 1,000 బైట్లు వదిలి బఫర్ మొదలైతే అందులో 3,096, రెండో పేజీ నిండా 4,096, మూడోదాంట్లో మిగిలిన 2,808 బైట్లు పడతాయి. ఆ మూడు పేజీలూ ర్యామ్‌లో 812, 95, 3307 నంబర్ల చోట్ల ఉండొచ్చు. డిస్క్ కంట్రోలర్ లాంటి పరికరానికి ప్రోగ్రామ్ వాడే చిరునామాలు తెలియవు. కాబట్టి అసలు చోట్లన్నీ ఒక జాబితాగా రాసుకోవాలి.

విండోస్‌లో దాన్ని ఎండీఎల్ (మెమరీ డిస్క్రిప్టర్ లిస్ట్) అంటారు. ఎక్కడ మొదలు, మొత్తం ఎన్ని బైట్లు అని పైన ఒక్కసారి రాసి, కింద పేజీ నంబర్లు వరసగా పెడతారు. మధ్య పేజీలు ఎలాగూ నిండుగానే ఉంటాయి కాబట్టి అది చాలు. లినక్స్‌లో ఆ జాబితా పేరు స్కాటర్‌లిస్ట్, అందులో ప్రతి ముక్కకీ పేజీ, మొదలు, పొడవు విడివిడిగా ఉంటాయి. నాకు ఇదే నచ్చుతుంది, ఎక్కడెక్కడి ముక్కలనైనా ఒకే జాబితాలో చేర్చుకోవచ్చు.

అసలు ప్రమాదం ఇంకోటుంది, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ర్యామ్ చాలకపోతే కెర్నల్ ఒక పేజీని డిస్క్‌కి పంపేసి, ఆ చోటు వేరే ప్రోగ్రామ్‌కి ఇచ్చేస్తుంది. పరికరానికి ఆ కబురు అందదు. అది 95వ చోట రాసుకుంటూ పోతుంది, అక్కడేమో ఇప్పుడు మరొకరి డేటా ఉంది! ఎర్రర్ ఏదీ రాదు. ఎప్పుడో తర్వాత, సంబంధం లేని ప్రోగ్రామ్ పడిపోతుంది. అందుకే పని పూర్తయ్యేదాకా ఆ పేజీలను కదలకుండా పట్టి ఉంచాలి. లినక్స్‌లో ఇందుకోసమే 2020లో 5.6 వెర్షన్‌తో పిన్ యూజర్ పేజెస్ అనే ఫంక్షన్ వచ్చింది.

పరికరాలు వాడే చిరునామాలను ర్యామ్‌లోని అసలు చోట్లకు మార్చే ఐఓఎంఎంయూ అనే హార్డ్‌వేర్ ఉన్న మెషీన్ చెల్లాచెదురు పేజీలను కూడా పరికరానికి ఒకే ముక్కలా చూపగలదు. మీరు 3 ముక్కలు మ్యాప్ చేయమంటే, అంటే వాటికి పరికరం వాడగల చిరునామాలు ఇమ్మంటే, ఆ పని చేసే లినక్స్ ఫంక్షన్ 1 అని జవాబివ్వొచ్చు. పరికరానికి ఆ ఒక్కటే చెప్పండి. పనయ్యాక ఆ ఏర్పాటు తీసేసేటప్పుడు, అంటే అన్‌మ్యాప్ చేసేటప్పుడు మాత్రం మళ్లీ 3 అనే ఇవ్వాలి.

మ్యాప్ చేసిన దగ్గర్నుంచి అన్‌మ్యాప్ దాకా ఆ బఫర్ పరికరానిది, మధ్యలో ముట్టుకోకండి. కొన్ని ఏఆర్‌ఎం ప్రాసెసర్ బోర్డుల్లో పరికరం మెమరీలో రాసిన సంగతి ప్రాసెసర్ తన దగ్గర డేటా కాపీలు ఉంచుకునే క్యాష్‌కి తెలియదు, మీకు పాత డేటానే కనిపిస్తుంది. అదే కోడ్ మామూలు పీసీలో ఏ టెన్షనూ లేకుండా నడిచిపోతుంది. కాబట్టి పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, రాస్తే రెండిటి మీదా నడిపి చూడండి.

ప్రేమతో,
మీ తాతయ్య