మొగలి అత్తరు నాణ్యతను ముక్కు తేల్చే తీరు

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఛత్రపురం, రంగైలుండ, చికిటి ప్రాంతాల ఇసుక నేలల్లోనూ పొలం గట్ల మీదా పెరిగే మొగలి పొదలు వానాకాలంలో బాగా పూస్తాయి. ఆ పూలను తెల్లవారుజామునే కోసి, వాసన తగ్గకముందే అత్తరు తీసే బట్టీకి చేరుస్తారు. మొగలి రేకులను జడలో అల్లుకోవడం, బట్టల పెట్టెలో దాచుకోవడం బరంపురం తెలుగు ఇళ్లకు కొత్త కాదు కనుక, అసలు పువ్వు వాసన ఎలా ఉంటుందో ఇక్కడివారికి బాగా తెలుసు. అయినా సీసాలోని అత్తరును కొనేటప్పుడు, ఘాటు ఎక్కువగా ఉన్నదే మేలైన సరుకని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో నాణ్యతను ఘాటుతో కొలవడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

ఈ పరిమళమంతా మగ పువ్వుదే. దాని నుంచి తీసిన శుద్ధ తైలాన్ని రూహ్ అంటారు. అందులో దాదాపు 65 నుంచి 75 శాతం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే ఒక్క పదార్థమే ఉంటుంది. మొగలిని మొగలిగా గుర్తుపట్టించేది అదే. దాన్ని కర్మాగారంలో చౌకగా తయారు చేయవచ్చు కాబట్టి కల్తీ కూడా దానితోనే మొదలవుతుంది. కానీ రూహ్‌లో టెర్పినెన్-4-ఆల్ కూడా చెప్పుకోదగినంత ఉంటుంది; మరువం తైలంలోనూ ఉండే ఈ పదార్థం మొగలికి ఒక పచ్చి ఆకు ఘాటును, కాస్త మట్టి వాసనను ఇస్తుంది. వీటికి తోడు పారా-సైమీన్, ఆల్ఫా-టెర్పినియాల్ కొద్ది పాళ్లలో కలుస్తాయి. మన ముక్కులో దాదాపు 400 రకాల వాసన గ్రాహకాలున్నాయి. ఒక్కో అణువు వాటిలో కొన్నిటిని కదిలిస్తే, ఏవేవి కలిసి కదిలాయో చూసి మెదడు వాసనను గుర్తుపడుతుంది. ఈ గ్రాహకాల జన్యువులను 1991లో వెల్లడించిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి లభించింది. రెండు మూడు శాతమే ఉన్న పదార్థం కూడా మొత్తం వాసన తీరును మార్చగలగడానికి కారణం ఇదే.

అందుకే పరీక్షకు కాలం కావాలి. అత్తరు చుక్కను సన్నని కాగితపు పట్టీ మీద వేసి, వెంటనే ఒకసారి, అరగంటకు ఒకసారి, మర్నాడు మరోసారి వాసన చూడాలి. తేలికైన పదార్థాలు ముందు ఆవిరవుతాయి, బరువైనవి నిలుస్తాయి కాబట్టి, సహజమైన సరుకులో మొదటి తీపి ఘాటు తగ్గుతున్నకొద్దీ ఆకు వాసన, మట్టి వాసన పైకి వస్తాయి. కర్మాగారపు ఈథర్ ఒక్కటే ఉన్న సరుకు మొదట గుప్పుమని, ఆ తర్వాత మారకుండా పలచబడి మాయమవుతుంది. బట్టీలో పూలను మరిగించే రాగి పాత్ర అయిన డేగు నుంచి వచ్చే ఆవిరిని గంధపు నూనెలోకి పట్టిన పాత పద్ధతి అత్తరైతే, మర్నాటికి కూడా పట్టీ మీద మొగలి ఛాయతో గంధం పలుకుతుంది. గంధం ధర పెరిగాక దాని స్థానంలోకి వచ్చిన లిక్విడ్ పారఫిన్ అనే ఖనిజ నూనెకు సొంత వాసన లేదు. మర్నాడు దానివల్ల మిగిలేది జిడ్డు మరకే.

లోపాలను పసిగట్టడం ఇంతకన్నా సులువు. మంట ఎక్కువైతే మాడు వాసన, పూలు నిల్వ ఉండిపోతే పులిసిన వాసన తైలంలోకి దిగుతాయి.

ఇక పరీక్షించేవారి కన్ను ముక్కును తప్పుదారి పట్టించగలదు. 2001లో వెలువడిన ఒక ఫ్రెంచ్ అధ్యయనంలో, వాసన లేని ఎరుపు రంగు కలిపిన తెల్ల వైన్‌ను, ద్రాక్షసారాయి శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులు ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. కనుక సీసా రంగు, ధర, పేరు కనబడకుండా పట్టీలకు అంకెలు వేసి చూడడం మంచిది. ముక్కు కొద్ది నిమిషాల్లోనే ఒకే వాసనకు అలవాటుపడుతుంది కాబట్టి నమూనాకూ నమూనాకూ మధ్య బయటి గాలి పీల్చుకోవాలి.

గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం ఏ పదార్థం ఎంత శాతం ఉందో చెబుతుంది. గంజాం మొగలి రూహ్‌కు భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు వాడే హక్కు) ఉన్నందున ఆ కొలత తప్పనిసరిగా కావాలి. అయితే ప్రధాన పదార్థాల శాతాలు సరిపోయేలా కలిపిన సరుకు కూడా బజారుకు రావచ్చు. యంత్రం ఇచ్చిన అంకెలతో పాటు మర్నాటి పట్టీని కూడా చూశాకే వ్యాపారి ధర కట్టాలి.