కార్డుంటే షిప్‌యార్డు పిలుస్తుందా?

"సార్, మావాడి సీనియారిటీ ఎంతదాకా వచ్చింది? షిప్‌యార్డుకి లిస్టు ఎప్పుడు పంపుతారు?" విశాఖలో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కౌంటర్లో కూర్చున్నవాడికి ఈ ప్రశ్న ఎదురవని వారం ఉండదు. కార్డు చేయించుకుంటే చాలు, కాల్ లెటర్ ఇంటికే వస్తుందన్న నమ్మకం ఇది. ఉద్యోగాల గురించిన మిగతా అపోహలతో డబ్బు పోతుంది, దీంతో వయసే పోతుంది.

1959 చట్టం ప్రకారం ప్రభుత్వ రంగ సంస్థ తన ఖాళీలను మాకు తెలియజేయాలి. అంతే. మా ద్వారానే నియమించుకోవాలని లేదు, ఆ చట్టం నాలుగో సెక్షన్ ఆ సంగతి విడమరిచి మరీ చెప్పింది. దాని స్థానంలోకి తెచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌దీ అదే మాట. ఒకప్పుడు సర్కారు ఉత్తర్వుల వల్ల మేం పంపిన పేర్లనే చూసేవారు. మీ నాన్నగారు చెప్పేది ఆ కాలం ముచ్చట. 1996లో మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ కేసులోనే సుప్రీంకోర్టు తేల్చేసింది: ఎక్స్ఛేంజి నుంచి పేర్లు తెప్పించుకోండి, పత్రికల్లోనూ ప్రకటించండి, వచ్చిన అందరినీ పరిశీలించండి అని. మేం లిస్టు పంపినా ఎంపిక చేసేది సంస్థే.

మొన్నామధ్య గాజువాక నుంచి ఒకావిడ కొడుకుని వెంటబెట్టుకొచ్చారు. వెల్డర్ ఐటీఐ. రెన్యువల్ ఒక్కసారీ తప్పలేదు. "ప్రకటన పడినప్పుడు అప్లై చేశాడామ్మా?" అంటే, "కార్డుంది కద బాబూ, మళ్లీ అదెందుకని..." అన్నారు. అబ్బాయి తలెత్తలేదు. వయోపరిమితి అప్పటికే దాటిపోయింది. ఆవిడకి సెక్షన్లు చెప్పి ఏం లాభం? ప్రైవేటు ఫ్యాబ్రికేషన్ పనులు ఎక్కడున్నాయో కాగితం మీద రాసిచ్చాను.

అప్రెంటిస్ చేస్తే పర్మనెంటేనా? కాదు. అయితే మిగతావన్నీ సమానంగా ఉంటే అప్రెంటిస్ చేసినవాళ్లకే ప్రాధాన్యం ఇవ్వాలని, వాళ్ల పేర్లు ఎక్స్ఛేంజి పంపాల్సిన పనీ లేదని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకో పొరపాటూ ఉంది: హిందుస్థాన్ షిప్‌యార్డు, నేవల్ డాక్‌యార్డు ఒకటి కావు. మొదటిది కంపెనీ, రెండోది నేవీది. 2010లో షిప్‌యార్డు కూడా రక్షణ శాఖ కిందికి వెళ్లాక ఈ గందరగోళం ఇంకా పెరిగింది. రెంటి నోటిఫికేషన్లూ వేరు. లిస్టులో పేరు ఎక్కిస్తానని డబ్బడిగేవాడు దొంగ, వాడి గురించి ఇంతకుమించి రాయను.

కార్డు పారేయమనడం లేదు. రెన్యువల్ చేయించండి, ఫోన్ నంబరు మారితే చెప్పండి, కొత్త సర్టిఫికెట్ వస్తే ఎక్కించండి. ట్రేడు కోడు, అంటే మీ పనికి మా రికార్డులో వేసిన నంబరు, తప్పుగా ఉంటే లిస్టు తీసేటప్పుడు మీ పేరు తగలనే తగలదు. సంస్థ వెబ్‌సైట్లో కెరీర్స్ పేజీ మాత్రం మీరే చూసుకోవాలి, ఆ పని మా ఆఫీసు చేసిపెట్టదు.