గాలి పీల్చే చేపకు నీటితోనే చిక్కు

అక్వేరియం దుకాణాల్లో మిగతా చేపలన్నీ పెద్ద తొట్లలో తిరుగుతుంటే, ఫైటర్ అని పిలిచే బెట్టా చేపలు మాత్రం గ్లాసుడు నీళ్లున్న ప్లాస్టిక్ డబ్బాల్లో విడివిడిగా కనిపిస్తాయి. రెండు మగచేపలను ఒకచోట ఉంచితే తోకలు చిరిగేదాకా కొట్టుకుంటాయి కాబట్టి, అమ్మేవారు వాటిని వేరుచేయక తప్పదు. అయితే ఆ డబ్బాను చూసినవారు ఈ చేపకు అంత నీరు చాలుననుకుంటారు. ఇంటికి తెచ్చి లీటరు, రెండు లీటర్లు పట్టే గాజు గిన్నెలో వేస్తారు. చేప వెంటనే చావదు. కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు కూడా బతుకుతుంది. మనల్ని పొరపాటు పడనిచ్చేది ఆ బతకడమే.

బెట్టా స్ప్లెండెన్స్ అనే శాస్త్రీయ నామాన్ని 1910లో బ్రిటన్‌కు చెందిన మత్స్యశాస్త్రవేత్త చార్లెస్ టేట్ రీగన్ పెట్టాడు. దీని స్వస్థలమైన థాయ్‌లాండ్ 2019లో దీన్ని జాతీయ జలచరంగా ప్రకటించింది. అక్కడి వరి మళ్లలోనూ చిత్తడి నేలల్లోనూ నీటి లోతు తక్కువ, నాచు, గడ్డి ఎక్కువ. నీటిలో కరిగిన ఆక్సిజన్ అంతంతమాత్రం. అందుకు తగినట్టే ఈ చేప తలలో, మొప్పలకు పైభాగాన, లాబిరింత్ అనే ప్రత్యేక అవయవం ఉంది. ముడతలు పడిన పలుచని ఎముక పలకలపై రక్తనాళాలు నిండిన పొర ఒకటి పరుచుకుని ఉంటుంది. చేప పైకి వచ్చి గుక్కెడు గాలి మింగినప్పుడు అందులోని ఆక్సిజన్ ఈ పొర గుండా రక్తంలోకి చేరుతుంది. మన కొర్రమీనుకు కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది, రెండూ దూరపు చుట్టాలే. చేపల బజారులో కాసిన్ని నీళ్లున్న తొట్టిలో కొర్రమీను గంటల తరబడి ప్రాణంతో ఉండటం ఈ శక్తి వల్లనే.

అయితే ఊపిరి సగం కథ మాత్రమే. తిన్న మాంసకృత్తులు జీర్ణమయ్యాక మిగిలే నత్రజని వ్యర్థాన్ని చేప అమ్మోనియా రూపంలో విసర్జిస్తుంది. అది ప్రధానంగా మొప్పల గుండా నీటిలోకే పోతుంది. గాలి నుంచి ఆక్సిజన్ తీసుకోగలిగిన బెట్టా అమ్మోనియాను గాలిలోకి వదిలేయలేదు. కాబట్టి చిన్న గిన్నెలో అది ఊపిరాడక చావదు, తన వ్యర్థంలో తానే మెల్లగా విషమెక్కి నీరసిస్తుంది. ఇరవై లీటర్లలో కలవాల్సిన అమ్మోనియా రెండు లీటర్లలో కలిస్తే గాఢత పదింతలవుతుందన్నది చిన్న లెక్కే. నీరు అద్దంలా తేటగా ఉన్నా ఈ విషం కంటికి కనబడదు.

ఇక్కడ పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే కొలత) సంగతి కూడా చెప్పుకోవాలి. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది: అంతగా హాని చేయని అమ్మోనియం అయాను ఒకటి, మొప్పలను దెబ్బతీసే స్వేచ్ఛా అమ్మోనియా మరొకటి. 25 డిగ్రీల వద్ద పీహెచ్ 7 ఉన్నప్పుడు మొత్తంలో విషరూపం దాదాపు 0.6 శాతమే, పీహెచ్ 8కి పెరిగితే అది 5 శాతం దాటుతుంది. మన ప్రాంతాల్లో చాలాచోట్ల బోరు నీరు క్షారగుణంతో, గట్టిదనంతో ఉంటుంది కనుక ఈ తేడా మనకు బాగా వర్తిస్తుంది. పైగా చాలాకాలం నీరు మార్చని తొట్టిలో పీహెచ్ క్రమంగా పడిపోయి, పేరుకున్న అమ్మోనియా అపాయం లేని రూపంలో ఉండవచ్చు. అలాంటి తొట్టిలో ఒకేసారి సగానికి పైగా బోరు నీరు పోస్తే పీహెచ్ చటుక్కున పెరిగి, మిగిలిన అమ్మోనియాలో విషరూపం వాటా అనేక రెట్లు పెరుగుతుంది. శుభ్రం చేసిన రోజే చేప చనిపోయిందని బాధపడేవారి ఇళ్లలో జరిగేది తరచుగా ఇదే. నిర్లక్ష్యానికి గురైన తొట్టిలో నీటిని కొద్దికొద్దిగా, కొన్ని రోజుల పాటు మార్చడమే క్షేమం.

దీనికి శాశ్వతమైన విరుగుడు బ్యాక్టీరియా. కొన్ని సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా, మరికొన్ని నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రోస్పైరా అనే బ్యాక్టీరియాలో ఈ రెండు పనులూ తానే చేసే రకాలున్నాయని 2015లో వెల్లడైంది. నైట్రైట్ కూడా విషమే, నైట్రేట్ మాత్రం తక్కువ మోతాదులో ఇబ్బంది పెట్టదు. ఈ జీవులు నీటిలో తేలుతూ ఉండేకంటే స్పాంజ్, గులకరాళ్లు వంటి ఉపరితలాలకే ఎక్కువగా అంటుకుని ఉంటాయి. కొత్త తొట్టిలో అవి నిలదొక్కుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆరోగ్యంగా నడుస్తున్న మరో తొట్టి నుంచి పాత స్పాంజ్ ముక్క తెచ్చి పెడితే ఆ గడువు బాగా తగ్గుతుంది. ఆ స్పాంజ్‌ను కుళాయి కింద కడగకూడదు, ఆ నీటిలోని క్లోరిన్ బ్యాక్టీరియాను చంపేస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

నా దృష్టిలో ఒక్క బెట్టాకు కనీసం పది లీటర్లు, వీలైతే ఇరవై లీటర్ల తొట్టి, చిన్న ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ ఉండాలి. శతాబ్దాల పెంపకంలో మనుషులు దీనికి పొడవాటి తోకలు తెప్పించారు. ఆ బరువుతో ఈదే చేపను ఉధృతమైన ప్రవాహం అలసిపోయేలా చేస్తుంది కనుక గాలి బుడగలు మెల్లగా వస్తే చాలు. వారానికి ఒకసారి పావు వంతు నీరు మార్చి, కొత్త నీటిలో క్లోరిన్‌ను విరిచే మందు కలపాలి. నీటిమట్టానికీ మూతకీ మధ్య కాస్త ఖాళీ వదలాలి. మూత లేకపోతే ఇది ఎగిరి బయటపడుతుంది.

వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య నిలకడగా ఉండాలి. తెలుగునాట ఎక్కువ కాలం ఇది దానంతట అదే కుదురుతుంది, కానీ డిసెంబరు రాత్రుల్లోనూ, రాత్రంతా ఏసీ నడిచే గదిలోనూ చిన్న తొట్టి త్వరగా చల్లబడుతుంది. అప్పుడు చేప అడుగున కదలకుండా పడి ఉంటుంది, తిండి ముట్టదు, రోగాలకు లోనవుతుంది. చిన్న హీటరూ థర్మామీటరూ ఉంటే ఈ బెడద తీరుతుంది.

తిండి విషయంలో చెప్పాల్సింది తక్కువ. బెట్టా మాంసాహారి, పూలకుండీలో పెట్టిన చేప మొక్క వేళ్లు తిని బతుకుతుందన్న ప్రచారంలో నిజం లేదు. పురుగులూ దోమ పిల్లలూ దీని సహజాహారం. రోజుకు రెండుసార్లు కొద్దిపాటి గుళికలు, అప్పుడప్పుడు ఆర్టీమియా (రొయ్యను పోలిన చిన్న ఉప్పునీటి జీవి) చాలు. మిగిలిన గుళికలు కుళ్లి మళ్లీ అమ్మోనియానే పెంచుతాయి.

వీధి బాదం చెట్టు నుంచి రాలిన ఎండుటాకును కడిగి తొట్టిలో వేయడం ఆగ్నేయాసియా పెంపకందారుల పాత అలవాటు. ఆకులోని టానిన్లు నీటికి టీ రంగు తెచ్చి పీహెచ్‌ను కొంచెం తగ్గిస్తాయి. మన గట్టి బోరు నీటిలో ఆ తగ్గుదల నామమాత్రమే కనుక దాన్ని మందుగా నమ్ముకోకూడదు. తోక అంచులు నల్లబడి కరుగుతుంటే మందు కొనే ముందు అమ్మోనియా, నైట్రైట్ పరీక్ష చేయాలి. నీరు బాగుపడితే ఆరంభ దశలోని తోక కుళ్లు చాలావరకు మానుతుంది. పొట్ట ఉబ్బి పొలుసులు నిక్కబొడుచుకుంటే మాత్రం లోపలి అవయవాలు అప్పటికే దెబ్బతిని ఉంటాయి, ఆ స్థితి నుంచి కోలుకునే చేపలు అరుదు.