తేలిగ్గా నడిపించే ట్రెడ్‌మిల్: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఈ యంత్రంలోకి దిగితే గురుత్వాకర్షణ తగ్గిపోతుంది.

తగ్గదు. ఫిజియోథెరపీలో మేం వాడే ఈ ట్రెడ్‌మిల్ చుట్టూ గాలి సంచి ఉంటుంది. బిగుతైన ప్రత్యేక షార్ట్స్ వేసి, నడుం దగ్గర సంచికి కలిపి జిప్పు పెడతాం. లోపల గాలి పీడనం పెరుగుతుంటే అది మనిషిని పైకి నెడుతుంది. 60 కిలోల మనిషికి 40 శాతం భారం తీసేస్తే పాదాల మీద పడేది 36 కిలోలే. కానీ ముందుకు వేయడానికి ఎత్తిన కాలికి ఈ సాయం అందదు, దాని బరువు దానిదే. “ఒళ్లంతా తేలిగ్గా ఉంది, కాలెందుకు లేవట్లేదు?” అని తుంటి కండరాలు నీరసించినవాళ్లు అడిగేది అందుకే. చాలా మంచి ప్రశ్న అది.

అపోహ: ఎంత తేలికైతే అంత మంచిది.

నన్ను ఎక్కువ బాధపెట్టే అపోహ ఇదే. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు నడుస్తుంటే నేను ముందు చెవి పెట్టి వింటాను. నొప్పి కాలు త్వరగా ఎత్తేస్తారు కాబట్టి రెండు అడుగుల చప్పుడూ ఒకేలా ఉండదు. భారం కొంచెం కొంచెంగా తగ్గిస్తూపోతే ఒకచోట చప్పుడు సమానమవుతుంది, ముఖంలో బిగువు సడలుతుంది. అక్కడే ఆగాలి. ఇంకా తగ్గిస్తే అడుగు ఆనదు, నడక గెంతుల్లోకి దిగుతుంది. తర్వాత నొప్పి, వాపు చూసుకుంటూ భారం మళ్లీ పెంచుకుంటూ రావాలి.

ఎముకకు భారం కావాలి. అంతరిక్షంలో తగిన వ్యాయామం లేకపోతే తుంటి ఎముక సాంద్రత నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా తగ్గుతుంది. 2007లో సునీతా విలియమ్స్ అంతరిక్ష కేంద్రంలో మారథాన్ పరుగెత్తినప్పుడు పట్టీలు ఆమెను ట్రెడ్‌మిల్‌కేసి లాగిపట్టాయి. మేం ఇక్కడ పైకి లేపుతున్నాం, అక్కడ కిందికి లాగుతారు.

అపోహ: అంతరిక్ష కేంద్రంలో గురుత్వాకర్షణే లేదు.

సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా నేలమీద ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం ఉంటుంది. కేంద్రం, అందులోని మనుషులు కలిసి నిరంతరం పడుతూనే ఉంటారు కాబట్టి బరువు తెలియదు.

అపోహ: నీళ్లలో నడిచినా ఇంతే.

భారం తగ్గడం వరకు నిజమే. నడుం లోతు నీళ్లలో సుమారు సగం, ఛాతీ లోతులో మూడోవంతు బరువే పాదాలకు తెలుస్తుంది. కానీ నీళ్లు కాలిని అడ్డుకుంటాయి, నడక తీరు మారుతుంది. కుట్లు మానకుండా నీళ్లలోకి దిగకూడదు కూడా.

ఒక్కటి మాత్రం మరవకండి: పిక్క వాచినా, ఒకేచోట వేడిగా నొప్పిగా ఉన్నా, జిప్పు పెట్టకముందే మాకు చెప్పండి. సిరలో రక్తం గడ్డకట్టిందేమో డాక్టరు చూసేదాకా మిమ్మల్ని ఇందులోకి దించం.