కొయ్య చెక్కడానికి ఒక మ్యూజియం: ఉత్తర తెలంగాణ నేపథ్యం

వరంగల్ ప్రాంతపు కళ అనగానే మనకు ముందుగా రాయే గుర్తుకొస్తుంది. 1163 నాటి వేయిస్తంభాల గుడి, 1213 నాటి రామప్ప గుడి ఇప్పటికీ కళ్లెదుట ఉన్నాయి. రామప్ప 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకూ ఎక్కింది. ఇదే నేల మీద వడ్రంగులు చెక్కిన రథాలు, గుడి వాహనాలు, పాత ఇళ్ల దర్వాజలు మాత్రం చెదలకూ వానకూ లోనై, పాడైనప్పుడల్లా కొత్తవాటికి చోటిచ్చి వెళ్లిపోయాయి. కొయ్య ఎక్కువ కాలం నిలవదు గనుకే దాని చరిత్ర మనకు తెగిన దారంలా కనిపిస్తుంది. కొయ్య పనికే ప్రత్యేకించి ఒక మ్యూజియం ఉండాలనడానికి మూలం ఇక్కడుంది.

నేటికీ నిలిచి ఉన్న కొయ్య సంప్రదాయాల్లో పేరున్నది నిర్మల్ బొమ్మలది. వీటి పుట్టుకను 17వ శతాబ్దంలో అక్కడి పాలకుడైన నిమ్మనాయుడి కాలంతో ముడిపెట్టి చెబుతారు. వీటికి వాడే పొనికి కర్ర తేలిక, మెత్తన. ఉలికి సులువుగా లొంగుతుంది. ఎండిన కర్రను చెక్కి, చింతగింజల అంబలిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో సందులు పూడ్చి, ఆకురాయితో నున్నగా రుద్ది, తెల్లసుద్ద పూశాకే రంగు వేస్తారు. రంగు ఎక్కిన తర్వాత ఉలి గీతలన్నీ దాని అడుగుకు పోతాయి కాబట్టి, చిలకనో జింకనో చేతిలోకి తీసుకున్నవారికి దాన్ని చెక్కిన చెయ్యి కనిపించదు. 1955లో ఏర్పడిన సహకార సంఘం, 2009లో దక్కిన భౌగోళిక గుర్తింపు ఈ బొమ్మకు పేరును నిలిపాయి. దాని లోపలి పనితనాన్ని చూపే బాధ్యత మాత్రం అలాగే ఉండిపోయింది.

ఒకప్పటి వరంగల్ జిల్లాలోని, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చెర్యాల నకాషీల, అంటే బొమ్మలు చేసి రంగులద్దే చిత్రకారుల, పని మరో రకం. కాటమరాజు కథ చెప్పే మందెచ్చుల వారు ఈ నకాషీలు చేసిన రంగుల కొయ్యబొమ్మలను వరుసగా నిలబెట్టి, ఒక్కొక్క పాత్రనూ చూపుతూ కథ నడుపుతారు. ఆ బొమ్మను కథ లేకుండా అద్దాల పెట్టెలో పెడితే సగమే భద్రపరిచినట్లు.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒకే దుంగలో ఒకవైపు జర్మన్ నాటకం 'ఫౌస్ట్'లోని దయ్యం మెఫిస్టోఫిలిస్‌ను, మరోవైపు అందులోని యువతి మార్గరెట్టాను చెక్కిన శిల్పం ఉంది. వెనుక అమర్చిన అద్దం వల్లనే చూసేవారికి రెండు రూపాలూ దక్కుతాయి. మన పొనికి బొమ్మకూ అలాంటి అద్దమే కావాలి: దుంగ, సగం చెక్కిన రూపం, సుద్ద పూత, రంగు వరుసగా కనబడాలి, పక్కనే పనిచేసి అరిగిన ఉలి, బాడిశ ఉండాలి.

ఆ మ్యూజియం ప్రాంగణంలో పొనికి చెట్టుకూ చోటుండాలి. అడవుల్లో ఈ చెట్టు అరుదైపోవడంతో కళాకారులకు కర్ర దొరకడం కష్టమైంది. దీని గింజ పెంకు గట్టిది, మొలక అంత సులువుగా రాదు. అందుకే నరికిన చోట మళ్లీ పెరగడానికి మనిషి పూనుకుని నారు పెంచాల్సి వస్తోంది.