డేటా సెంటర్ తలుపు దగ్గర మొహమాటం: అపోహలు - వాస్తవాలు

చెన్నైలోని ఒక డేటా సెంటర్‌లో, అంటే ఇంటర్నెట్‌లో మనం దాచుకునే ఫొటోలు, ఫైళ్లు ఉండే కంప్యూటర్ల భవనంలో, లోపలికి ఎవరిని వదలాలి, ఎవరిని వదలకూడదు అని చూసే టీమ్‌లో నా ఉద్యోగం. సెలవుకి తిరుపతి వస్తే చాలు, చిత్తూరు నుంచి మా మేనమామ దిగుతాడు. కాఫీ గ్లాసు కింద పెట్టకముందే మొదలుపెడతాడు: "ఏం అల్లుడూ, మా ఫొటోలన్నీ మీ ఆఫీసులోనే ఉండాయంట కదా. ఒకసారి వచ్చి చూసిపోతా. గేటు కాడ నీ పేరు చెప్తే సరిపోద్ది కదా?"

సరిపోదు మామా. నా పేరు చెప్తే నన్నే లోపలికి వదలరు.

అపోహ: లోపల పనిచేసేవాళ్లు ఎప్పుడైనా, ఎక్కడికైనా వెళ్లొచ్చు.

సర్వర్ హాల్లోకి, అంటే ఆ కంప్యూటర్లుండే గదిలోకి, వెళ్లాలంటే ముందు టికెట్ పెట్టాలి, అంటే అనుమతి అడగాలి. పనేంటి, ఏ హాలు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, అన్నీ రాయాలి. ఇంకొకరు దాన్ని ఆమోదించాలి. టైమ్ దాటితే అదే కార్డుకి తలుపు తెరుచుకోదు. మూడొందల రూపాయల దర్శనం టికెట్ తీసుకున్నవాళ్లకి ఈ తేదీ, స్లాట్, గుర్తింపు కార్డు గొడవ కొత్తేం కాదు. కాకపోతే ఇక్కడ సిఫార్సు లెటర్లు నడవవు. తమ ఉద్యోగుల్లో ఒక్క శాతం మంది కూడా డేటా సెంటర్‌లో అడుగుపెట్టరని గూగులే చెప్పుకుంటుంది.

అపోహ: వేలిముద్ర మెషిన్ ఉంటే ఇంకేం భయం లేదు.

వేలు పెట్టినవాడు ఎవరో మెషిన్ చెబుతుంది. వాడి వెనకాలే ఇంకెవరు దూరారో చెప్పదు. దీన్ని మేం టెయిల్‌గేటింగ్ అంటాం. నన్నడిగితే మా రంగంలో దొంగల కంటే పెద్ద తలనొప్పి ఇదే. దీనికి మూలం మొహమాటం. చేతిలో సామానుతో ఒక పెద్దాయన వస్తుంటే తలుపు పట్టుకోకుండా ఎలా ఉంటాం? చేరిన కొత్తలో నేనూ పట్టుకున్నాను. ఆయన మా సీనియరే, పైగా ట్రాలీ తోసుకుంటూ వస్తున్నాడు. సాయంత్రానికల్లా కెమెరా ఫుటేజీతో పాటు నాకు వార్నింగ్ మెయిల్ వచ్చింది. రెండు రోజులు సరిగా అన్నం సయించలేదు. ఆయనకి ఆ రోజు లోపలికి వెళ్లడానికి టికెట్ లేదని తర్వాత తెలిసింది. ఆయనకి దురుద్దేశం ఏమీ లేదు, మర్చిపోయాడంతే. అయినా తప్పు తప్పే.

అందుకే మ్యాన్‌ట్రాప్ పెడతారు. రెండు తలుపుల మధ్య చిన్న గది. వెనక తలుపు పూర్తిగా మూసుకుంటేనే ముందుది తెరుచుకుంటుంది. లోపల ఉన్నది ఒక్కరేనా అని బరువు చూసో, కెమెరాతోనో తేల్చుకుంటుంది. మెషిన్‌కి మొహమాటం ఉండదు కదా.

అపోహ: ఎవడైనా ఒక డిస్క్ లాక్కుపోతే మన ఫొటోలన్నీ వాడి చేతిలో పడ్డట్టే.

పెద్ద క్లౌడ్ కంపెనీలు, అంటే మన ఫైళ్లని ఇంటర్నెట్ ద్వారా తమ దగ్గర దాచేవి, డిస్క్ మీద డేటాని ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళంచెవి లాంటి కోడ్ లేనిదే చదవలేనట్టు మార్చి ఉంచుతాయి. తాళంచెవి ఆ డిస్క్‌తో పాటు పోదు. పైగా పెద్ద ఫైల్‌ని ముక్కలు చేసి వేర్వేరు డిస్కుల్లో దాస్తాయి. సర్వర్లు పేర్చిన ర్యాక్ దగ్గర నిలబడే టెక్నీషియన్‌కి కనిపించేది ర్యాక్ నంబరు, మిణుకుమనే లైట్లు. మామ మనవడి పుట్టినరోజు ఫొటో అందులో ఉందో లేదో అతనికీ తెలియదు. పాడైన డిస్క్‌ని కూడా ఊరికే బయటికి పంపరు. అందులోది చెరిపేస్తారు, లేదా డిస్క్‌నే తుక్కు చేస్తారు. పరకామణిలో హుండీ డబ్బు లెక్కపెట్టేవాళ్లు జేబుల్లేని బట్టలతో ఎందుకు కూర్చుంటారో తిరుపతి వాళ్లకి నేను చెప్పాలా?

అపోహ: భద్రత ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది.

2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. దూరం నుంచి సరిచేసే దారి మూసుకుపోవడంతో ఇంజినీర్లు డేటా సెంటర్లకే వెళ్లాల్సి వచ్చింది. అక్కడి కట్టుదిట్టాల వల్ల లోపలికి వెళ్లి పని మొదలుపెట్టడానికి సమయం పట్టిందని ఆ కంపెనీయే రాసుకుంది. అందుకే అత్యవసర ప్రవేశానికి వేరే పద్ధతి ముందే రాసిపెట్టుకుని, అప్పుడప్పుడు దాన్ని రిహార్సల్ చేసి చూడాలి.

అపోహ: భయమంతా దొంగలతోనే.

నిప్పు సంగతేంటి? 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి కాలి బూడిదైంది. బ్యాకప్ పెట్టుకోని కస్టమర్లు డేటా పోగొట్టుకున్నారు. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. ప్రభుత్వ ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే 858 టెరాబైట్ల నిల్వకి బయట ఇంకో కాపీయే లేదు. మొత్తం పోయింది. గేటు దగ్గర ఎంతమంది గార్డులుంటే ఏం లాభం?

తిరుపతిలో లాడ్జి, క్లినిక్ నడిపేవాళ్లు సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు "సెక్యూరిటీ ఉందా?" అని అడుగుతారు. అమ్మేవాడు ఉందనే అంటాడు. దాని బదులు రెండో కాపీ ఏ ఊళ్లో ఉందో అడగండి. అమెజాన్‌కి మన దేశంలో 2016 నుంచి ముంబైలో, 2022 నుంచి హైదరాబాద్‌లో క్లౌడ్ రీజియన్లు, అంటే డేటా సెంటర్ల గుంపులు ఉన్నాయి. కానీ ఒక రీజియన్‌లో పెట్టినది దానంతటదే రెండో దానికి వెళ్లదు. ఎవరో ఒకరు సెట్ చేయాలి, దానికి నెలనెలా డబ్బు కట్టాలి.